కాలువ యెక్కని నేల

గోదావరీ కృష్ణల నడిమి దేశమనగానే మనకు వరిచేలు తోచును, కొబ్బరితోటలు తోచును, కొల్లేటి పక్షులు తోచును. ఈ చిత్రము సత్యమే గాని సగము సత్యము. నిడదవోలునుండి తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరునకు వచ్చు కాలువగట్టుపై నిలిచి దక్షిణముగా చూచినచో నల్లని పల్లపు భూములు కానవచ్చును. ఉత్తరమున క్రమముగా మిట్టయగుచు ఎర్రనేల సాగిపోవును. రెంటిపైనను ఇంచుమించుగా ఒకే వాన కురియును; కాని రెంటి చరిత్రము వేరు. ఉత్తరపు మెట్టను గూర్చియు, అందలి తోటల పెంపకమును గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేయుదును.

ఈ మెట్ట మొదటినుండి చిన్నచూపునకు గురియైనది కాదు. ఏలూరునకు ఉత్తరమున నున్న పెదవేగియే పూర్వపు వేంగీపురము. శాలంకాయనులు ఇచ్చటనుండి పాలించిరి. పిమ్మట తూర్పు చాళుక్యులకును ఇది రాజధాని యయ్యెను. 7వ శతాబ్దిలో వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు ఆంధ్రదేశపు నేల సారవంతమని వ్రాసెను. అతడు పేర్కొన్న రాజధాని వేంగియే యని పలువురు చరిత్రకారుల యభిప్రాయము. ఆనకట్టలు లేని ఆ కాలమున పల్లపు భూములకు వరదభయ మెక్కువ. ముంపులేని నివేశనమును, మంచినీటి బావియు, చెరువునకు అనువైన వాలును మెట్ట అంచున లభించును. అందుచేతనే రాజధాని అచ్చట వెలసినదని నా యూహ.

ఈ తారతమ్యమును తలక్రిందులు చేసినది 19వ శతాబ్దము. 1832-33 నాటి ఘోరమైన కరువు కోస్తా మండలములను క్రుంగదీసెను. తరువాత ఆర్థర్ కాటన్ పూనికచే ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. రెండు నదుల కాలువలును ఏలూరులో కలిసికొన్నవి. పల్లపు సీమ అన్నపూర్ణ యయ్యెను. కాని నీరు పల్లమెరుగును గదా! గట్టునకు పైనున్న నేలకు ఆ నీరెక్కలేదు. నాటినుండి భూమి విలువను మట్టినిబట్టి గాక కాలువనుబట్టి కట్టుట అలవాటయ్యెను. మెట్టరైతు వానకై మబ్బును, తక్కిన దినములలో మోటబావిని నమ్ముకొని బ్రతికెను.

ఇంతకును మెట్టనేలకు గల దోషమేమి? అందు ఇసుకపాలు హెచ్చు, బంకమట్టిపాలు తక్కువ. కురిసిన నీరు కొంత వాలునబడి పోవును. కొంత వేళ్లను దాటి లోనికి దిగును. ఎండవేడిమికి ఆకులు అలములు వేగముగా క్రుళ్లి కరగిపోవుటచే సత్తువ నిలువదు. అయితే ఈ దోషమే తోటకు గుణము. నీరు నిలువని నేలలో గాలి యాడును. వేరు లోతునకు దిగును. నూజివీడు రసాలు లోకప్రసిద్ధము లగుటకు ఇట్టి ఎర్రనేలలే ఆధారము. నడివేళ్లలో నీరు నిలుచు వరిమడిలో మామిడి నాటిన రైతు పండ్లు తినుట అరుదు.

నీరు నిలిచినంత మాత్రమున నేల బాగుపడునని తలచువారికి ఉప్పుటేటి తీరము పాఠము చెప్పును. నీరు బయటికి పోవు దారిలేక ఎండలో ఆవిరియైనచో దానియందలి ఉప్పు పైమట్టిలో మిగిలి నేల చౌడుబారును. అమెరికా పశ్చిమభాగపు ఎత్తైన ఎడారి భూములలోను ఇట్లే జరుగును. అచ్చట ఉప్పును కడిగివేయుటకు చాలినంత వాన లేదు. నీరెండిన పీఠభూమికిని, నీరు కదలని పల్లమునకును రోగ మొక్కటే యగుట వింతగా తోచును. రెంటను మందు కూడ ఒక్క త్రోవదే: మురుగు పోవు దారిచేసి మంచినీటితో కడుగుట. మన రైతులు చౌడునేలలో జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నుట ఇందుకు తోడ్పడును.

మెట్టకు పెద్దలు చేసిన చికిత్సయు సులభమైనదే. వేసవిలో చెరువు పూడిక తీసి ఆ మట్టిని చేలకు తోలిరి. దానిలోని బంక ఇసుకనేలకు నీటిని పట్టు శక్తి నిచ్చెను. చెరువునకు లోతును మిగిలెను. గొర్రెలమంద కట్టించిరి, జనుము చల్లి దున్నిరి, చెట్టు మొదట పాదుచేసి ఎండుటాకు కప్పిరి. నీటిని తెచ్చుటకంటె పడిన నీటిని పట్టి యుంచుటయే వీని సారము.

విద్యుత్తుతో బోరుబావులు వచ్చి ఈ పాఠమును మరపించినవి. గోదావరి నీరు సైతము ఎత్తిపోతలచే కొంత మెట్టకెక్కినది. పెదవేగిలో 1995లో ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రమును, తాడేపల్లిగూడెము చెంత వెంకట్రామన్నగూడెమున 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయమును వెలసినవి. ఆయిల్‌పామ్, కోకో, నిమ్మ, జీడిమామిడి మెట్టకు సంపద తెచ్చిన మాట నిజము. కాని లెక్క చూడవలయును. ఎకరమునకు 57 ఆయిల్‌పామ్ చెట్లు. వేసవిలో చెట్టునకు దినమునకు సుమారు 200 లీటర్లు. నాలుగు ఎండు నెలలకు ఇది దాదాపు 14 లక్షల లీటర్లగును. ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన కురిసినను ఆ యెకరముపై పడునది 40 లక్షల లీటర్లు. మూడవ వంతు నాలుగు నెలలకే కావలసియుండగా, వాననీటిని వాలున విడిచిపెట్టినచో బోరు ఎంతకాలము ఓర్చును? బిందుసేద్యము వ్యయమును తగ్గించును, నిలువను పెంచదు.

మెట్టయొక్క నష్టము మెట్టతో ఆగదు. తమ్మిలేరు మెట్టసీమనుండి దిగి ఏలూరు ప్రక్కగా కొల్లేటిని చేరును. గట్టులేని చేలనుండి కొట్టుకొనిపోయిన ఎర్రమట్టి కొల్లేటిని పూడ్చును. ఆ సరస్సు 1999లో పక్షుల అభయారణ్యమయ్యెను. 2002లో రాంసర్ ఒప్పందపు జాబితాకెక్కెను. సరస్సు నడుమ ఎన్ని చట్టములు నాటినను, పైనుండి మట్టి దిగుచున్నంతకాలము దాని లోతు దక్కదు.

కావున మెట్టరైతునకు నా విన్నపము: బోరు ఎంతలోతు వేయవలయునని అడుగుటకు ముందు, నా మట్టి ఎంత నీరు పట్టునని అడుగుడు. వాలున కడ్డముగా గట్టు, చెట్టు మొదట ఆకుకప్పు, వేసవిలో చెరువుమట్టి, తొలకరిలో పచ్చిరొట్ట. ఇవి వేంగి నేలను పోషించిన పనులకు వారసులు. కాలువ యెక్కని నేలకు వాన యెక్కియే యున్నది. దానిని దిగిపోనీయకుండుటయే మనవంతు.