వైద్య కళాశాలకు హాస్యనటుని పేరు

రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల డాక్టర్ అల్లు రామలింగయ్య పేరిట నడుస్తోంది. తెలుగు తెరపై అర్ధశతాబ్ది పాటు నవ్వులు పండించిన ఈ నటుడు హోమియో వైద్యుడు కూడా. చిత్రీకరణలతో తీరిక లేని రోజుల్లోనూ ఆయన వైద్యాన్ని విడనాడలేదు.

అల్లు రామలింగయ్య 1922 అక్టోబరు 1న పాలకొల్లులో జన్మించారు. చిన్ననాటి నుంచే నాటకాలపై మక్కువ పెంచుకుని, ప్రజానాట్యమండలి ప్రదర్శనలలో నటునిగా రాటుదేలారు. ఆ సంస్థ ప్రముఖుడు, వృత్తిరీత్యా వైద్యుడైన డాక్టర్ గరికపాటి రాజారావు దర్శకత్వం వహించిన ‘పుట్టిల్లు’ (1953) చిత్రంతో వెండితెరకు పరిచయమయ్యారు. ప్రముఖ నటి జమునకూ అదే తొలి చిత్రం.

‘మాయాబజార్’ (1957)లో శాస్త్రిగా వంగర, శర్మగా అల్లు పోటాపోటీగా నటించి ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించారు. ‘శంకరాభరణం’ (1980)లో కథానాయకుడు శంకరశాస్త్రికి కష్టకాలంలో అండగా నిలిచిన న్యాయవాది మిత్రునిగా ఆయన గాంభీర్యాన్నీ, ఆర్ద్రతనూ అంతే సహజంగా పలికించారు. హాస్యం ఆయన ప్రతిభలో ఒక పార్శ్వం మాత్రమేనని ఆ పాత్ర నిరూపించింది.

వెయ్యికి పైగా చిత్రాలలో నటించిన ఆయనను కేంద్ర ప్రభుత్వం 1990లో పద్మశ్రీతో సత్కరించింది. 2001 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. 2004 జులై 31న హైదరాబాద్‌లో ఆయన కన్నుమూశారు.

2021 అక్టోబరు 1న, ఆయన జయంతి నాడు, రాజమహేంద్రవరం కళాశాల ప్రాంగణంలో ఆయన విగ్రహాన్ని అల్లుడు, నటుడు చిరంజీవి ఆవిష్కరించారు. ఆయన నాటకాలను చూసే అవకాశం లేని నేటి తరం విద్యార్థులు ఆ పేరుతోనే వైద్యపట్టా అందుకుంటున్నారు.