దీన్‌దయాళ్ నుంచి నేర్చుకోవాల్సిన వెలుగు పాఠం

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలపు హైదరాబాద్ అనగానే కళ్లముందు మెదిలే ఫలక్‌నుమా హాళ్లు, వేట శిబిరాలు, చార్మినార్ వీధుల ఫొటోల్లో చాలావరకు ఒక్క స్టూడియో నుంచి వచ్చినవే. దాన్ని నడిపింది రాజా దీన్‌దయాళ్. కెమెరా కొత్తగా పట్టేవాళ్లకు ఆయన కంటే మంచి గురువు ఈ నగరంలో దొరకడు.

1844లో మీరట్ దగ్గరి సర్దానాలో పుట్టిన దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇందోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగిగా చేరారు. 1874లో సరదాగా ఫొటోగ్రఫీ మొదలుపెట్టారు. అవి తడి పలకల రోజులు. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి లవణ ద్రావణంలో ముంచి, ఆరిపోకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే డెవలప్ చేయాలి. అంతటికీ పది పదిహేను నిమిషాలకు మించి వ్యవధి ఉండేది కాదు. నల్లగుడ్డలో తలదూర్చి, వెనక అద్దం మీద తలకిందులుగా పడే దృశ్యాన్ని సరిచూసుకోవాలి. ఒక్క పలక పాడైతే ఆ శ్రమంతా వృథా. అందుకే ఆనాటివాళ్లు ముందు వెలుగును చదివేవారు, తర్వాతే లెన్సు మూత తీసేవారు. జెలటిన్ పూసిన పొడి పలకలు వచ్చాక పని తేలికైంది కానీ ఆ అలవాటు మాత్రం చేతిలో నిలిచిపోయింది.

ఆ నైపుణ్యమే ఆయన్ను హైదరాబాద్‌కు రప్పించింది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో పరదాలో ఉండే స్త్రీల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. 1894లో నిజాం ఆయనకు ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు. 1897లో విక్టోరియా రాణి నుంచీ గుర్తింపు దక్కింది. దర్బారు వైభవంతో ఆయన కెమెరా ఆగిపోలేదు. 1899-1900 నాటి కరవులో అల్లాడిన జనాన్నీ అది చూసింది. 1905లో ఆయన కన్నుమూశారు.

ఆనాటి కెమెరాకూ నేటి ఫోన్‌కూ మూలసూత్రం ఒకటే. ఎంత వెలుగు, ఎంతసేపు, దాన్ని పట్టుకునే పలక లేదా సెన్సర్ ఎంత చురుకైనది అన్న మూడు లెక్కలే ఫొటోను నిర్ణయిస్తాయి. లెన్సు రంధ్రాన్ని అపెర్చర్ అంటాం. దాన్ని సూచించే ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, ముందూ వెనకా ఉన్నవన్నీ స్పష్టంగా పడతాయి. షట్టర్ వేగం సెకనులో 125వ వంతు నుంచి 60వ వంతుకు తగ్గిస్తే వెలుగు ఇంచుమించు రెట్టింపవుతుంది, కానీ కదిలే మనిషి చెదిరిపోవచ్చు. ఐఎస్‌ఓ, అంటే ఆ చురుకుదనం, పెంచితే మసక వెలుగులోనూ బొమ్మ పడుతుంది, దానితోపాటు గరుకుదనం కూడా పెరుగుతుంది. ఒకటి పెంచితే మరొకటి తగ్గించాలి. ఈ సర్దుబాటు వంటబడితే సగం విద్య వచ్చినట్టే.

అది సాధన చేయడానికి హైదరాబాద్‌లోని అఫ్జల్‌గంజ్ మంచి బడి. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన పేట ఇది. నయాపూల్ వంతెన మీద నిలబడితే మూసీ నదికి ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఎదుటి ఒడ్డున హైకోర్టు కనిపిస్తాయి. రెండింటి రూపకల్పనలోనూ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చేయి ఉంది. మధ్యాహ్నం వెలుగులో గోడలు చదునుగా కనిపిస్తాయి. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో గుమ్మటాల గుండ్రదనం, కమానుల లోతు తెలుస్తాయి. ఒకే భవనాన్ని వేర్వేరు వేళల్లో తీసి పక్కపక్కన పెట్టుకుని చూడండి. పుస్తకం చెప్పలేనిది మీ కన్నే చెబుతుంది.

ఈ చోటికి చరిత్ర కూడా ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉంది. ఆ ప్రళయం ఎంతటిదో ఈ తరానికి నమ్మకంగా చెబుతున్నవి ఆనాడు తీసిన ఫొటోలే. దగ్గర్లోనే, 1891లో ఆసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఈ చెట్టునూ కట్టడాలనూ అవి నిలిచి ఉండగానే ఫొటోల్లో భద్రపరచాలి.

తీయడం ఎంత ముఖ్యమో దాచడమూ అంతే. దీన్‌దయాళ్ స్టూడియో నెగటివ్‌ల మీద నంబర్లు, శీర్షికలు ఉండేవి. ఆయన కుటుంబం దాచిన 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. అందుకే అవి ఈరోజు చరిత్రకు సాక్ష్యాలయ్యాయి. మీరు తీసే ప్రతి మంచి ఫొటోకూ ఊరు, చోటు, తేదీ రాసి పెట్టండి. ఇంట్లో పాత ఆల్బమ్‌లు ఉంటే, అందులోవాళ్లను గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే పేర్లు రాయించండి.