కాటిసీనులో పరాయి పద్యము

గుంటూరు సీమ నల్లరేగడి గ్రామములలో పత్తితీత ముగిసి మిరపకాయలు కల్లములయందు ఆరుచుండు మాఘ ఫాల్గుణ మాసములలో, తిరునాళ్లను పురస్కరించుకొని తెల్లవార్లు ఆడబడుచుండిన పద్యనాటకములలో, కురుక్షేత్రమును మినహాయించినచో, సత్యహరిశ్చంద్రకు గల ప్రతిష్ఠ వేఱొకదానికి లేదు. దానిని 1912లో రచించిన బలిజేపల్లి లక్ష్మీకాంత కవి బాపట్ల తాలూకా ఇటికంపాడున 1881లో జన్మించినవాడు. కవియే కాక నటుడును, గుంటూరిలో చంద్రికా ముద్రణాలయమును నెలకొల్పినవాడును.

జనులు నిద్ర కాచుకొని యెదురుచూచునది కాటిసీను. అర్ధరాత్రి దాటిన పిమ్మట, కాటికాపరి వీరబాహునకు అమ్ముడుపోయిన హరిశ్చంద్రుడు కంబళి భుజమున వైచుకొని, కఱ్ఱ చేతబట్టి రంగముపై నిలువగా, హార్మోనిస్టు శ్రుతి నందించి నటుని మొగము వంకనే చూచుచుండగా పద్యము మొదలగును. తుదియక్షరముపై రాగము సాగి సాగి, నటుడు ఊపిరి తీసికొనుటయే తడవుగా వెనుక వరుసలనుండి ‘వన్స్‌మోర్’ కేకలు లేచును. ఆ కేకల నందుకొనిన పద్యములలో మిక్కిలి ప్రసిద్ధములైనవి బలిజేపల్లివారివి కావు. అవి వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువా ‘ఖండకావ్యము’నందలి ‘శ్మశానవాటి’లోనివి. నటులు వానిని తెచ్చి కాటిసీనునకు అతికిరి. అతుకు ఎవ్వరికిని కానరాలేదు.

కానరాకపోవుటకు హేతువు లేకపోలేదు. రాజును పేదయు ఒక్కతీరున బూడిదయగు చోటును గూర్చి జాషువా వ్రాసినది హరిశ్చంద్రుని కొఱకు కాకున్నను, సర్వము కోలుపోయి కాటికాపరి దాస్యమున నిలిచిన చక్రవర్తి నోట అది సహజముగా ఒదిగినది. అస్పృశ్యతాబాధను స్వయముగా అనుభవించి, 1941లో ‘గబ్బిలము’నందు దానినే వినిపించిన కవి వాక్కును, ఆ కవిని ప్రక్కన కూర్చుండనీయని వారు సైతము కన్నీరు పెట్టుకొని మరల మరల పాడించుకొనిరి. వినినవారిలో ఎందఱో అది బలిజేపల్లివారి రచనయే యని తలంచిరి. కరపత్రముపై నటుల పేర్లు, హార్మోనిస్టు పేరు, చందా లిచ్చిన పెద్దల పేర్లు పెద్ద అక్షరములలో నుండును గాని, కాటిసీను పద్యము లెవరివో చెప్పు ఆచారము మన రంగస్థలమునకు లేదు.

చేర్చుటయే తప్పని నేననను. ఆ పద్యములు లేకున్నచో కాటిసీను ఇంతటిది కాకపోవును. జాషువా పద్యములును అక్షరము రానివారి నోటికి ఇంత త్వరగా ఎక్కకపోవును. నేడు వీడియో గేములలో ‘మాడ్’ అనబడు చేర్పుల సంగతియు ఇంతే. హాఫ్‌లైఫ్ అను ఆటపై ఔత్సాహికులు 1999లో అల్లిన కౌంటర్‌స్ట్రైక్‌ను మూలసంస్థ మఱుసటి యేటనే కొని, అల్లినవారిని తన కొలువున చేర్చుకొనెను. అచ్చట చేర్చినవారి పేరు నిలిచినది. మన కాటిసీనున నిలువలేదు.

నిలుపు మర్యాద మన సీమ ఎఱుగనిది కాదు. పదునాలుగవ శతాబ్దమున అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱాప్రగడ, నన్నయ భారతమున అసంపూర్ణముగా విడిచిన అరణ్యపర్వమును చేపట్టినప్పుడు, శేషమును తన ప్రభువునకు అంకితము చేసికొనుటకు అడ్డు చెప్పువారు లేకున్నను, దాదాపు మూడువందల యేండ్లకు పూర్వమే గతించిన నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రునే సంబోధించి, నన్నయ రచనయే యన్నట్లు సాగించి, పర్వాంతమున మాత్రము పూరించినవాడను నేనని పేరు చెప్పుకొనెను. వేమారెడ్డికి హరివంశమును వేఱుగా అంకితమిచ్చెను. నన్నయ ననుమతి యడుగుటకు వీలు లేదు. అడిగినచో ఏ నియమములు విధించియుండునో వానినన్నిటిని ఎఱ్ఱన తనంతట తానే పాటించెను.

అట్టి నిగ్రహము లేనిచోట ఏమగునో కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ చెప్పును. వేశ్యావ్యసనమును ఖండించుటకు ఆయన వ్రాసిన ఆ నాటకమున సుబ్బిశెట్టి యను వైశ్యుని పాత్రకు నటులు ఊరూర తమకు తోచిన హాస్యమును, పోను పోను బూతును చేర్చిరి. రచయిత కీర్తికి భంగము కలుగునట్లు రచనను వికృతము చేయరాదని 1957 కాపీరైట్ చట్టము చెప్పుచున్నది గాని, రచయిత 1927లోనే గతించెను; నాటకముపై హక్కుల గడువును ఎన్నడో తీరిపోయెను. రంగముపై ఏది మూలమో ఏది కూర్పో తెలియనంతగా కలిసిపోవుటచే, తమను కించపఱచుచున్నారని ఆర్యవైశ్యులు మొఱపెట్టుకొనగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధించినది నటుల కూర్పులను కాదు, చింతామణి నాటకమునే.