ఉన్ని లేని సీమ, పొడుగు కోటు కథ

కొడవలూరు చుట్టుపక్కల బీళ్లలో మేసే నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. ఒంటి నిండా పొట్టి వెంట్రుకలే. పల్ల, జోడిపి, డోర అని మూడు రకాలున్నా ఏదీ కంబళికి పనికిరాదు. సముద్రపు గాలి సోకే ఈ సీమలో మనిషికీ ఆ అవసరం పెద్దగా రాలేదు.

చలికి తెలుగువాడు కప్పుకున్న అసలు ఓవర్‌కోటు దక్కను పీఠభూమిలో పుట్టిన గొంగడి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని వడికి, కురుమలు గుంటమగ్గం మీద నేస్తారు. చింతగింజల గంజి పట్టించి గట్టిపరుస్తారు. ఉన్ని పోగుల మధ్య నిలిచే గాలే ఆ వెచ్చదనానికి మూలం. కాస్త తడిసినా గొంగడి ఒంటిని చల్లబడనివ్వదు. మందలతో తిరిగే కాపరికి పగలు గొడుగూ, రాత్రి పరుపూ అదే.

పట్నాల్లో సంగతి వేరు. 19వ శతాబ్దిలో పంతుళ్లు, గుమాస్తాలు, వకీళ్లు పంచె మీద మెడదాకా గుండీలున్న పొడుగు కోటు తొడిగి తలపాగా చుట్టారు. అది చలి కోసం కాదు, కచేరీలో మర్యాద కోసం.

ఆ వేషాన్ని నిజమైన చలిదేశాల్లో నిలబెట్టిన పెద్దమనిషి ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి ఊరిదే. 1888లో తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి చేపట్టారు. 1949 నుంచి 1952 దాకా మాస్కోలో భారత రాయబారిగా ఉండి, 1950 జనవరిలో స్టాలిన్‌ను కలిశారు. పదవులు మారినా మెడ మూసిన పొడుగు కోటు, తెల్ల తలపాగా ఆయన గుర్తుగా ఉండిపోయాయి.

ఆయన పుట్టిన 1888లోనే ఇంగ్లండులో థామస్ బర్బెరీ గాబర్డీన్ బట్టకు పేటెంటు పొందారు. తర్వాత ట్రెంచ్ కోట్లు కుట్టింది ఆ బట్టతోనే. అది వాననూ గాలినీ ఆపుతుంది. మంచు కురిసే చోట మాత్రం లోపల ఉన్ని లైనింగు ఉండాలి.

ఇప్పుడు నెల్లూరు కుర్రాళ్లు చదువులకు షికాగో, టొరంటో వెళ్తున్నారు. వాళ్లకు చెప్పాల్సింది ఇదే. కోటు కొనేటప్పుడు లోపల స్వెట్టర్ వేసుకునే తొడిగి చూడండి. భుజం కుట్టు భుజం ఎముక దగ్గరే ఆగాలి, అంచు మోకాలిని తాకాలి, కాలరు మెడను మూయాలి. లేబుల్ మీద ఉన్ని శాతం చదవండి. ముదురు నీలమో బూడిదరంగో అయితే సూటు మీదికీ, పండగనాటి కుర్తా మీదికీ నప్పుతుంది. వెచ్చదనానికి ఉన్ని, హుందాతనానికి కత్తిరింపు: ఈ రెండూ కుదిరిన కోటు ఒక్కటి చాలు, నాలుగు చవక జాకెట్లు అక్కర్లేదు.