నాలుగు తరాలు, అయిదెకరాలు: కన్నడ చిత్రం ‘తిథి’

ఉమ్మడి కుటుంబాన్ని గురించిన చలనచిత్రమనగానే పెద్ద లోగిలి, వరుసగా వేసిన విస్తళ్లు, పండుగ పూట గుమిగూడిన బంధువర్గం మనసులో మెదలుతాయి. 2015లో రూపొందిన కన్నడ చిత్రం ‘తిథి’లో ఇవేవీ లేవు. ఇందులోని నాలుగు తరాల పురుషులూ ఎవరి దారిన వారు బతుకుతుంటారు. వారిని కలిపి ఉంచినది ముత్తాత పేరిట ఉన్న అయిదెకరాల భూమి ఒక్కటే.

కర్ణాటకలోని మండ్య జిల్లా, నొదెకొప్పలు గ్రామం ఈ కథకు వేదిక. నూటొక్క ఏళ్ల సెంచురీ గౌడ వీధి పక్కన కూర్చుని దారిన పోయేవారినందరినీ తిట్టిపోస్తుంటాడు. కాసేపటికి లేచి, నాలుగడుగులు వేసి కుప్పకూలిపోతాడు. ఆ మరణం మొదలు పదకొండవనాటి కర్మ వరకు సాగేదే ఈ చిత్రం. తెలుగులో తిథి అంటే పంచాంగంలోని రోజు; ఆ ప్రాంతపు పల్లెల్లో అది కర్మదినానికి పేరు. మన ఊళ్లలో పెద్దకర్మ అనేది దాదాపు ఇదే.

చనిపోయినవాని కుమారుడు గడ్డప్ప. పెంచిన గడ్డమే ఆ పేరుకు మూలం. పొలాల గట్ల వెంట తిరగడం, జేబులోని సీసా నుండి ఒక గుక్క తాగడం తప్ప అతనికి వేరే వ్యాపకం లేదు. భూమి వారసత్వంగా ముందు అతనికి సంక్రమించాలి. అతనికేమో అది అక్కరలేదు, సంతకాల కోసం కచేరీల చుట్టూ తిరగడం అంతకన్నా అక్కరలేదు. కుమారుడు తమ్మణ్ణకు మాత్రం ఆ భూమి చేజారుతుందేమోనన్న దిగులు. అప్పు తెస్తాడు, లంచం ఇస్తాడు, చివరకు బతికి ఉన్న తండ్రికి మరణ ధ్రువపత్రం పుట్టిస్తాడు. కాగితం మీద చనిపోయిన మనిషి ఊరిలో కనిపించరాదు కనుక, చేతిలో డబ్బు పెట్టి తండ్రిని దేశాటనకు పంపుతాడు. మనుమడు అభి గొర్రెల కాపరుల పిల్ల కావేరి వెంట తిరుగుతుంటాడు.

దేశాటనకు బయలుదేరిన గడ్డప్ప చేరేది ఆ కాపరుల మంద వద్దకే. రాత్రి మంట చుట్టూ కూర్చున్నవారికి అతడు తన గతం చెప్పుకునే ఘట్టం ఈ చిత్రానికి ప్రాణం. అంతవరకు నవ్వు పుట్టించిన నిర్లిప్తత వెనుక ఎంత గాయమున్నదో, తండ్రి ఆస్తి అతనికి ఎందుకు చేదైనదో అక్కడ తెలుస్తుంది. చెప్పే స్వరంలో ఏడుపు లేదు, వింటున్నవారే మూగబోతారు.

దర్శకుడు రామ్ రెడ్డికి ఇది తొలి కథాచిత్రం. సహరచయిత ఈరేగౌడది ఆ ప్రాంతమే. అందువల్లనే కాబోలు, పాత్రల తిట్లలో సైతం కృత్రిమత్వం లేదు. నటీనటులు దాదాపు అందరూ అంతకుముందు కెమెరా ఎదుట నిలబడనివారే. గడ్డప్పగా చన్నేగౌడ, తమ్మణ్ణగా తమ్మేగౌడ కనిపిస్తారు. 2015లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చలనచిత్రోత్సవంలో వర్తమాన దర్శకుల విభాగపు బంగారు చిరుత ఈ చిత్రానికి లభించింది. 63వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ కన్నడ చిత్రంగా ఎంపికైంది. 2016 మే నెలలో కర్ణాటకలో విడుదలైంది.

ఒక లోపం చెప్పుకోవాలి. వంశవృక్షంలోని నాలుగు తరాలూ మగవారివే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు కల్పించింది. ఈ చిత్రకథ మాత్రం ప్రధానంగా మగవారి చుట్టూనే తిరుగుతుంది.