భారం ఎవరి మీద?
మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల నుంచి క్రైస్తవ నీతిని చదవడం

మదనపల్లె చుట్టుపక్కల పనిచేసే టీచర్లకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. పదో తరగతి పాసైన పిల్ల అప్లికేషన్ నింపుతుంటుంది. కులం దగ్గర మాల అనో మాదిగ అనో రాస్తుంది. మతం అన్న గడి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. హిందూ అని రాస్తే ఎస్.సి., 15 శాతంలో చోటు. క్రైస్తవం అని రాస్తే బి.సి. 'సి' గ్రూపు, ఒక్క శాతం. "సార్, ఏం రాయమంటారు?" అని అడుగుతుంది. అబద్ధమాడరాదని ఆ పిల్లకు సండే స్కూల్లో నేర్పారు. చదువు ఆపరాదని ఇంట్లో నేర్పారు. రెండూ నీతే. రెండూ ఒకేసారి పాటించడం కుదరదు.

ఇట్లాంటి చిక్కును క్రైస్తవ నీతిశాస్త్రం మూడు దారుల్లో విప్పుతుంది. ఆజ్ఞ ఏం చెబుతున్నది? చేసిన పనికి ఫలితం ఏమిటి? ఈ పని చేసే మనిషి శీలం ఎట్లా తయారవుతుంది? ఈ మూడింటి మీదా ప్రేమ అనే కొలబద్ద ఒకటి పెడుతుంది. ఇవి పనికిరానివని మనం అనడం లేదు. అయితే మూడు దారులూ ఆ పిల్లనే నిలబెట్టి అడుగుతాయి. ఆ పిల్లను ఆ గడి దగ్గరికి నెట్టిందెవరని అడగవు. నీతి భారం ఎవరి మీద పడాలి, చరిత్రలో ఎవరి మీద పడింది అన్నది ఈ వ్యాసం విషయం.

ఆర్కాటు మిషన్, మూడు షరతులు

అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ల ఆర్కాటు మిషన్ 1853లో స్కడ్డర్ సోదరులతో మొదలయింది. 1859లో పలమనేరుకు, 1863లో జేకబ్ ఛాంబర్లేన్‌తో మదనపల్లెకు వచ్చింది. ఆ తర్వాత పుంగనూరు కూడా ఆ మిషన్ కేంద్రాల్లో ఒకటయింది. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911లో గాని ఇవన్నీ ఒక జిల్లా కిందికి రాలేదు.

1860ల మొదట్లో పల్లెలకు పల్లెలు మిషన్ వైపు కదిలినప్పుడు వాళ్లతో కొన్ని షరతులు ఒప్పించారు. విగ్రహారాధన మానాలి. ఆదివారం విశ్రాంతి దినంగా పాటించాలి. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లఫ్ మాదిగలకు పెట్టినవి కూడా దాదాపు ఇవే మూడు. అంటే తెలుగు దళితులకు క్రైస్తవ నీతి ముందుగా పరిచయమయింది వేదాంతంగా కాదు, తిండిగా, పనిగా, పండగగా. ఒక్కో షరతునూ పల్లెలో నిలబడి చూద్దాం.

చచ్చిన గొడ్డు సంగతి. ఊళ్లో ఎవరి గొడ్డు చచ్చినా ఈడ్చుకుపోవలసింది పల్లెవాళ్లే. ఆ చాకిరీకి విడిగా కూలి లేదు. కళేబరమే కూలి. ఆ తోలుతో రైతుకు చెప్పులు, కపిల బాన కుట్టిపెట్టాలి. కాబట్టి 'తినొద్దు' అన్న మాట వెట్టి మొదట్లో తగిలింది. తిననివాడు ఏంటికి ఈడ్చాలి? మిషనరీకి అది శుభ్రత, పవిత్రత ప్రశ్న. పల్లెకు అది చాకిరీ ప్రశ్న. 1927లో మహద్‌లో అంబేద్కర్ తన ప్రజలను చచ్చిన గొడ్డు మాంసం మానమని అడిగినప్పుడు ఆ రెండో అర్థమే బయటికొచ్చింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. షరతు చచ్చినగొడ్డు మీద. గొడ్డుమాంసం మీద కాదు. కాలం గడిచేకొద్దీ మన సంఘాల్లోనే ఈ తేడా చెరిగిపోయి, గొడ్డుమాంసం తినడమే సిగ్గుపడే పని అయింది. బైబిల్లో ఆధారం లేని ఈ సిగ్గు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. 2012లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టి ఆ సిగ్గును నలుగురిలో ప్రశ్నించాల్సి వచ్చింది.

ఆదివారం సంగతి ఇంకా తమాషా. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం ఆజ్ఞ ఎవరితో మాట్లాడుతున్నదో జాగ్రత్తగా చదవండి. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద ఉన్న యజమానితో మాట్లాడుతున్నది. నువ్వూ ఆగు, నీ కింద పనిచేసేవాళ్లనూ ఆగనివ్వు అని దాని భావం. మన పల్లెల్లో ఆ యజమాని సంఘంలో లేడు, ఊళ్లో ఉన్నాడు. మిషన్ షరతు పెట్టగలిగింది ఏడాది జీతానికి కుదిరిన జీతగానికే. సెలవన్నది ఎరగని మనిషి ఆదివారం మడికాడికి పోకపోతే తన్నులు తినేది వాడే, జీతం కోసుకునేదీ వాడికే. యజమానికి చెప్పిన ఆజ్ఞను జీతగాడి చేత పాటింపజేశారు.

విగ్రహారాధన మానడమంటే జాతరలో పలక కొట్టడం మానడం కూడా. గంగమ్మ ముందు పలక కొట్టడం భక్తి మాత్రమే అయివుంటే మానడం పల్లె ఇష్టం. అది ఊరు పెట్టిన విధి కూడా కాబట్టి మానితే తిరుగుబాటు. పలకతో పాటు మన పాట, మన అమ్మవారు, మన కతలు కూడా కొన్ని పోయాయి. ఆ నష్టం లెక్క ఇంకా ఎవరూ పూర్తిగా వేయలేదు.

పాపం, మనస్సాక్షి

మిషన్ ప్రసంగాల్లో పాపం అంటే ప్రధానంగా మనిషి చేసే తప్పు: తాగుడు, వ్యభిచారం, దొంగతనం, అబద్ధం. ఒక మనిషిని అంటరానివాణ్ని చేసి బావి దగ్గరికి రానివ్వని ఏర్పాటుకు పాపం అనే పేరు అంత తొందరగా రాలేదు. 1850లోనే మద్రాసు మిషనరీల సమావేశం, బాప్తిస్మం తీసుకునేవాళ్లు కులం వదలాలని, కలిసి భోంచేసి అది రుజువు చేయాలని తీర్మానించింది. మంచి తీర్మానమే. కానీ అది సంఘం లోపలి పంక్తికి సంబంధించింది. పొలం, బావి, కచేరీ సంగతి అందులో లేదు.

మనస్సాక్షి గురించి పౌలు కొరింథీయులకు రాసిన మాట కూడా తిండి గురించే. విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చునా అన్నది అక్కడి తగాదా. జ్ఞానం, స్వేచ్ఛ ఉన్నవాడు బలహీనుని మనస్సాక్షిని తలచుకుని తన స్వేచ్ఛను తానే తగ్గించుకోవాలని ఆయన వాదన సారం. అక్కడ కూడా భారం బలవంతుని మీదే. ఆజ్ఞలోనూ పౌలులోనూ ఉన్న ఈ మొగ్గును మన చరిత్ర తిరగేసింది.

ఇంకో తేడా ఉంది. పుస్తకాల్లో మనస్సాక్షి ఒంటరి మనిషిది. పల్లెల్లో నిర్ణయం ఒంటరిగా జరగలేదు. కుటుంబాలు కుటుంబాలుగా కూర్చుని, పెద్దలతో తర్కించి, రేపు ఊరు కూలి ఆపితే ఎట్లా బతకాలో లెక్కేసుకుని తీర్మానించారు. దీన్ని మంద మనస్తత్వం అన్నవాళ్లున్నారు. ఒక్కడు ఎదిరిస్తే చచ్చే చోట అందరూ కలిసి తీర్మానించడం వివేకం. అది మనస్సాక్షి లేకపోవడం కాదు, పల్లెకంతా ఒక మనస్సాక్షి ఉండటం.

ఒంగోలు నుంచి రెండు నిర్ణయాలు

భారం బలవంతుడు మోసిన సందర్భాలు లేకపోలేదు. ఒంగోలులో మొదట్లో బ్రాహ్మణులు కొందరు క్లఫ్ దగ్గరికొచ్చి, మాదిగలను చేర్చుకోకుంటే మేం వస్తామన్నారు. క్లఫ్, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ మొదటి పత్రికలోని ఒకే చోటు కనబడిందని, లోకం నీచమన్నవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న ఆ మాటతో నిర్ణయం తేలిపోయిందని ఆయన చెప్పుకున్నాడు. పెద్దకులాల రాకను వదులుకుని మాదిగల పక్కన నిలిచాడు. ఆ నిర్ణయానికి ముందే తాళ్లకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని ఉన్నాడని మరవకూడదు. దారి వేసింది మాదిగలు, దొర దాని మీద నడిచాడు.

రెండోది 1876-78 కరువులో. క్లఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. పని ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం పెట్టేవాడి చేతిలో అధికారం ఉంటుంది. ఆ అధికారానికి తానే కళ్లెం వేసుకోవడం నీతి. 'గోధుమ రొట్టె క్రైస్తవులు' అని ఈనాటికీ ఎగతాళి చేసేవాళ్లు ఈ సంగతి చదవాలి.

కుప్పం నుంచి గని దాకా

'వద్దు' అనాలంటే వేరే చోట కూడు దొరకాలి. కుప్పం రైలు దారికి దగ్గర్లోనే కోలారు బంగారు గనులున్నాయి. 1880ల నుంచి జాన్ టేలర్ కంపెనీ కింద గనులు సాగాయి. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల అంటరాని కులాలవాళ్లు పెద్ద సంఖ్యలో అక్కడికి పోయారు. భూమి లోపల ఊపిరితిత్తులు పాడయ్యే పని. అయినా నెల జీతం, రెడ్డి లేని వీధి. అక్కడ గుళ్లూ చర్చిలే కాక అయోతీదాస్ పండితుని బౌద్ధ సంఘం శాఖ కూడా 20వ శతాబ్దం మొదట్లోనే వెలసింది. ఒకే కులాలవాళ్లు ఊళ్లో ఒక దారి, గనిలో ఇంకో దారి ఎంచుకున్నారు. ఎంపిక అనేది బతుకుతెరువుతో ముడిపడి ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. 2001లో గనులు మూతపడ్డాయి. ఆ దారి మూసుకుపోయింది.

సేవ అనే మాటను కూడా ఇట్లాగే చూడాలి. మదనపల్లెలో 1911లో మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి, దగ్గర్లోనే ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వచ్చాయి. నర్సు పనిని పెద్దకులాలు అంటుపనిగా చూసిన రోజుల్లో దేశమంతటా క్రైస్తవ స్త్రీలే ముందుగా ఆ పనిలోకి వచ్చారు. జీతం, శిక్షణ, గౌరవం ఉన్నప్పుడు అది సేవ. అవి లేకుండా చేయించుకుంటే వెట్టి. చర్చి పెద్దలు సేవ గురించి ప్రసంగించేటప్పుడు ఈ గీత ఎక్కడుందో చెప్పాలి.

మనలో మనం

భారం గురించి అడిగేటప్పుడు మనల్ని మనం తప్పించుకోకూడదు. రాయలసీమ సంఘాల్లో చాలాచోట్ల మాలలు ఎక్కువ, ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్లి దగ్గర పల్లెలు వేరుచేసుకునే అలవాటు మనలో ఉంది. 1994లో దండోరా మోగినప్పుడు చాలామంది పాస్టర్లు సమైక్యత బోధించారు. ముందున్నవాడు బోధించే సమైక్యత వెనకున్నవాడికి భారమే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నది. అంతకు ముప్ఫై ఏళ్ల ముందే సంఘం ఆ న్యాయాన్ని ఒప్పుకుని ఉండాల్సింది.

క్షమాపణ సంగతీ అంతే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇట్లాంటప్పుడు 'క్షమించండి' అన్న ఉపదేశం బాధితులకే అందుతుంది. సువార్తలో జక్కయ్య మారుమనస్సు పొందినప్పుడు ముందుగా లెక్క తీశాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. పశ్చాత్తాపం, పరిహారం లేని చోట క్షమను అడగడం బలహీనుడి మీద ఇంకో షరతు పెట్టడమే.

మళ్లీ ఆ గడి దగ్గరికి

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్.సి. హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు తెరవలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ మతపు అడ్డు తీసేయమన్నది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో దళిత క్రైస్తవులకు ఎస్.సి. హోదా కోరుతూ తీర్మానం చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్లు అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరని తీర్పు చెప్పింది. మతం మారినా ఊళ్లో బావి, టీ గ్లాసు, శ్మశానం మారలేదని పల్లెలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు.

ఇప్పుడు ఆ పిల్లకు ఏం చెబుదాం? తొమ్మిదో ఆజ్ఞ అబద్ధ సాక్ష్యం చెప్పొద్దంటుంది. అబద్ధ సాక్ష్యం అంటే పొరుగువాడికి హాని చేయడానికి చెప్పేది. దేవుణ్ని మార్చుకున్నంత మాత్రాన నీ కులం పోయిందని రాసిపెట్టిన చట్టం ఆ పిల్ల మీద ఎన్ని దశాబ్దాలుగా సాక్ష్యం చెబుతున్నదో లెక్కపెట్టండి. ఆ పిల్ల ఏది రాసినా ఏదో ఒకటి పోగొట్టుకుంటుంది. హిందూ అని రాస్తే తన నోటి సత్యం, క్రైస్తవం అని రాస్తే తన బతుకు సత్యం. అందుకని ఏది రాసినా ఆ పిల్లను పాపి అనే హక్కు పాస్టరుకు లేదు, మోసగత్తె అనే హక్కు జడ్జికి లేదు. టీచరు చేయగలిగింది రెండు గడుల పర్యవసానం దాచకుండా చెప్పడం, నిర్ణయం ఆ పిల్లకూ ఆమె ఇంటికీ వదలడం, తర్వాత వాళ్ల పక్కన నిలబడడం.

ఆ గడి తీసేయించే పని మాత్రం ఆ పిల్లది కాదు. అది సంఘాలది, సభలది, ఓట్లడిగేవాళ్లది, మనది. చచ్చినగొడ్డు ఈడ్చనన్న మన తాతలు ఊరిని ఎదిరించింది ఒక్కొక్కరుగా కాదు, కలిసి. ఈ భారమూ అట్లాగే దించాలి.