బర్న్‌సైడ్ బుగ్గల కథ

సెలూన్‌లో మనం సైడ్‌లాక్స్ అనేవాటిని అమెరికావాళ్లు సైడ్‌బర్న్స్ అంటారు. సైడ్ అంటే పక్క, సరే. చెవి పక్కన ఆ కాలడమేమిటి? కాలిందేమీ లేదు. ఒకాయన ఇంటిపేరు తిరగబడిందంతే.

ఆయన ఆంబ్రోస్ బర్న్‌సైడ్. 1824లో ఇండియానాలో పుట్టాడు. కుర్రతనంలో దర్జీపని నేర్చి, తర్వాత వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో చేరాడు. ఫొటోల్లో బట్టతల, ఆ లోటంతా బుగ్గలమీద తీర్చుకున్నాడా అనిపిస్తుంది. చెవుల దగ్గర మొదలైన గుబురు బుగ్గలమీదుగా దిగి నేరుగా మీసంలో కలుస్తుంది. చుబుకం మాత్రం నున్నగా గీసి ఉంటుంది. బుగ్గమీసాలు అంతకుముందూ ఉన్నాయి కానీ ఈ జోరు లేదు.

న్యాయంగా ఆయన పేరు తుపాకీతో నిలవాలి. వెనకనుంచి తూటా నింపే కార్బైన్‌కు 1856లో పేటెంటు తీసుకున్నాడు. సర్కారు ఆర్డరు చేజారింది. అప్పులు మీదపడితే పేటెంటు అప్పులవాళ్ల పాలైంది. తీరా అంతర్యుద్ధం రాగానే ఉత్తరాది సైన్యం అవే తుపాకుల్ని 50 వేలకు పైగా కొంది!

యుద్ధంలోనూ అదే రాత. ఉత్తరాది తరఫున సైన్యాధిపత్యం తనవల్ల కాదని రెండుసార్లు వద్దన్నాడు. 1862 నవంబరులో మూడోసారి తప్పలేదు. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర నది దాటడానికి కావలసిన పడవల వంతెన సామాను ఆలస్యంగా వచ్చింది. ఈలోగా దక్షిణాది జనరల్ లీ సేన ఎదుటి గుట్టలెక్కి కూచుంది. రాతిగోడ వెనక తుపాకులున్నాయని తెలిసీ డిసెంబరులో దళం తర్వాత దళాన్ని పంపాడు. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 12 వేలు దాటారు. బాధ్యత నాదేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. జనరళ్లలో అది అరుదైన గుణం.

జనం మాత్రం ఆయన్ను వదులుకోలేదు. యుద్ధమయ్యాక రోడ్ ఐలండ్ గవర్నరయ్యాడు, తర్వాత 1881లో పోయేదాకా సెనేటర్. ఆ బుగ్గల ఫ్యాషన్‌కు జనం పెట్టిన పేరు బర్న్‌సైడ్స్. జనరల్ ఎవరో గుర్తులేనివాళ్లకు ఆ మాటలో అర్థమైంది సైడ్ ఒక్కటే. పక్కనుండే వెంట్రుకలే కదా అని దాన్ని ముందుకు తెచ్చారు. 1880ల్లోనే సైడ్‌బర్న్స్ వాడుకలోకి వచ్చేసింది.

మాట తిరగబడింది, వెంట్రుకలేమో కురచయ్యాయి. ఇప్పుడు సైడ్‌బర్న్స్ అంటే చెవి ముందుండే సన్నటి పట్టీయే. నేటి అమెరికా సైన్యం నిబంధనల్లో అదీ చెవి రంధ్రం అడుగు దాటి కిందికి దిగకూడదు. ఆ లెక్కన బర్న్‌సైడ్ గారు పరేడ్‌కు వస్తే ముందు మంగలి దగ్గరికే పంపాలి.